గొర్రె ఇచ్చినంతే

మెదక్ బజారులో మిల్లు రగ్గులకు కొరత లేదు. అవి మెత్తగా ఉంటాయి, రంగురంగుల్లో దొరుకుతాయి, ఉతికితే తొందరగా ఆరుతాయి, గొంగడి కంటే చాలా చవక. పానిపట్ మిల్లుల రగ్గులు దేశమంతటికీ చేరినట్టే ఈ మెతుకుసీమకూ చేరాయి. ధరలో గానీ మెత్తదనంలో గానీ వాటికి గొంగడి పోటీయే కాదు. గొంగడి నలుపు, బరువు, కొత్తలో ఒంటికి గుచ్చుతుంది. అయినా గొర్రెల కాపరులైన కురుమల ఇళ్ళలో దేవుడి పనికి గొంగడే కావాలి. మంద వెంట పోయే పెద్దమనిషి భుజాన అది ఇంకా అక్కడక్కడా కనిపిస్తుంది. చేతిపనిని ఇష్టపడే పట్నం యువత దాన్ని వెతుక్కుంటోంది. కాలం తనను దాటి పోతున్నా తన పద్ధతి మార్చుకోని వృత్తికి ఈ ఆకర్షణ ఎక్కడి నుంచి వస్తుంది? పాతదాని మీద మోజు అని తేల్చేయడం సులువు. ఆ జవాబు నాకు చాలదు. మోజు నాలుగు రోజుల్లో తీరిపోతుంది, ఈ ఆకర్షణ తరాలుగా తీరడం లేదు. దీని వెనక ఒక ధర్మప్రశ్న ఉందని నా నమ్మకం. మనిషి తన పనికి ఒక హద్దును ఒప్పుకుని దాని లోపలే బతకడం చేతగానితనమా, ధర్మమా?

ఈ ప్రశ్న గాలిలో తేలకుండా ఉండాలంటే గొంగడి ఎట్లా తయారవుతుందో కొంచెం దగ్గరగా చూడాలి. దక్కని గొర్రె ఈ పీఠభూమి బిడ్డ. మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణల్లోని ఎండు నేలల మీద ఎంత దూరమైనా నడిచి, కరువులో కూడా ప్రాణం నిలుపుకునే జాతి. దాని ఉన్ని ముతక. రంగు నలుపు, లేదా నలుపు తెలుపు కలిసిన బూడిద. స్వెట్టర్లకు పనికిరాదు. ఏడాదికి రెండుసార్లు కత్తెరతో ఆ ఉన్ని తీస్తారు. దాన్ని శుభ్రం చేసి ఏకుతారు, ఆడవాళ్ళు వడుకుతారు. దారానికి చింతగింజల గంజి పట్టించి, గుంట మగ్గం మీద నేస్తారు. అద్దకం అక్కర్లేదు, గొర్రె రంగే గొంగడి రంగు. అది చలికి కప్పుకునేది, వానకు తల మీద కొప్పెరగా వేసుకునేది, రాత్రి చేలో మంద దగ్గర పరుచుకునేది. తడిసినా ఉన్ని వెచ్చదనం పూర్తిగా పోదు కాబట్టి, రోజంతా వానలో గొర్రెలతో నిలబడేవాడికి మిల్లు రగ్గు చేయలేని పనిని గొంగడి చేస్తుంది. దేవుడి పనిలో బీరప్ప కొలుపుకైనా మల్లన్న పట్నానికైనా అదే గొంగడి. సంక్రాంతి నుంచి ఉగాది దాకా సాగే కొమురవెల్లి జాతరలో మల్లన్న కథను ఒగ్గు వాయిస్తూ చెప్పేవాళ్ళు కూడా ఈ గొర్రెల కాపరుల సమాజం నుంచి వచ్చినవాళ్ళే. పని వస్త్రం, పూజ వస్త్రం వేరుగాని లోకం అది.

ఈ పనిలో ప్రతి మెట్టు దగ్గరా ఒక హద్దు ఉంది. గొర్రె ఒంటి మీద ఎంత పెరిగితే అంతే ఉన్ని. పడావు భూముల్లో, చెరువు శిఖంలో ఎంత మేత ఉంటే అన్నే గొర్రెలు. చేయి ఎంత వడికితే అంతే దారం. గిరాకీ పెరిగిందని గొర్రె ఈ ఏడు మూడోసారి ఉన్ని ఇవ్వదు. వ్యాపారం అనగానే ఇవాళ మన నోటికి వచ్చే మొదటి మాట పెరుగుదల. నిరుటి కంటే ఈసారి ఎంత ఎక్కువ అన్నదే లెక్క. గొంగడి ఆ లెక్కకు లొంగదు. దానికి పెరగడం చేతకాదు, నిలవడం మాత్రమే తెలుసు. క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలోనే గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ తన రాజనీతి గ్రంథం మొదటి భాగంలో ఈ తేడాను పట్టుకున్నాడు. ఇల్లు నడవడానికి కావలసిన సంపాదనకు సహజంగా ఒక హద్దు ఉంటుంది, డబ్బు కోసమే డబ్బును వెతికే సంపాదనకు హద్దు ఉండదు, ఆ రెండోది మనిషి ధ్యాసను మంచి బతుకు మీది నుంచి ఉత్త బతుకు మీదికి మళ్ళిస్తుంది అన్నది ఆయన వాదం. రెండువేల మూడువందల ఏళ్ళ కిందటి ఆ తేడా మెదక్ జిల్లా గొర్రెల మందలో ఇవాళ కళ్ళకు కనబడుతోంది. పాత వృత్తి మనల్ని ఆకర్షించడానికి కారణం దాని వయసు కాదని నా వాదం. ‘ఇది చాలు’ అనగల శక్తి అందులో ఉంది, ఆ శక్తి మన జీవితాల్లో కరువైంది కాబట్టి అటు చూస్తున్నాం.

మన మహాభారతం ఇంకా ముందుకు వెళ్ళి, ఈ హద్దును నేరుగా మోక్షవిచారంలోనే నిలబెట్టింది. శాంతిపర్వంలో జాజలి అనే తపస్వి ఉన్నాడు. కదలకుండా నిలబడి తపస్సు చేస్తుంటే ఆయన జడల్లో పిట్టలు గూడు కట్టి, పిల్లల్ని చేసి, రెక్కలొచ్చాక ఎగిరిపోయాయి. ధర్మాన్ని సాధించానని ఆయన మురిసిపోయేసరికి, కాశీలో అంగడి నడిపే తులాధారుడికి నువ్వు సాటి రావన్న మాట ఆకాశం నుంచి వినబడింది. జాజలి వెళ్ళి చూస్తే తులాధారుడు మూలికలు, సుగంధద్రవ్యాలు, కట్టెలు, రసాలు అమ్ముకుంటూ కనిపించాడు. అడవి లేదు, ఉపవాసం లేదు. తన త్రాసు ఎవరి ముందైనా ఒకేలా నిలబడుతుందనీ, సరుకు కొనేటప్పుడూ అమ్మేటప్పుడూ మోసం చేయననీ, మద్యం అమ్మననీ, ప్రాణులకు హాని లేకుండా, తప్పనిసరైతే అత్యల్పమైన హానితో బతకడమే తన ధర్మమనీ ఆయన చెప్పాడు. తపస్వికి పాఠం చెప్పడానికి వ్యాసభారతం ఒక దుకాణదారును ఎంచుకోవడం చిన్న సంగతి కాదు. ఆ దుకాణదారు గొప్పతనం సరుకులో లేదు, లాభంలో లేదు. తాను చేయని పనుల్లో ఉంది. అమ్మకూడనిది అమ్మడు, తూచకూడని విధంగా తూచడు. వృత్తికి ఒక వ్రతం లాంటి రూపం రావడం అంటే ఇదే. కొన్నిటిని కాదనడం వల్లే మిగిలినదానికి పవిత్రత వస్తుంది.

తులాధారుడి త్రాసులో గొంగడిని కూడా నిజాయితీగా తూచాలి. ఎద్దుల ముక్కులు కుట్టడాన్ని, వాటి మీద మోయలేని బరువులు వేయడాన్ని, జంతువుల్ని కట్టేసి చంపడాన్ని తప్పుపట్టినవాడు ఆయన. మందను మేపేవాడిని ఆయన సులువుగా ఒప్పుకోడు. బుద్ధుడి సమ్యగాజీవ బోధలో కూడా ప్రాణుల వ్యాపారం, మాంసం వ్యాపారం చేయకూడని వాటిలో ఉన్నాయి. కురుమలు ఏనాడూ గొర్రెను మాంసానికి అమ్మకుండా లేరు, జాతరల్లో బలి ఇవ్వకుండా లేరు. దాన్ని దాచి గొంగడిని అహింసా వస్త్రంగా కీర్తిస్తే అది అబద్ధం. కానీ ఒక తేడా ఉంది, దాని మీద నేను కాస్త ఆగి ఆలోచించాలనుకుంటున్నాను. ఉన్నికి విలువ ఉన్నన్నాళ్ళూ బతికి ఉన్న గొర్రెకు విలువ ఉంది. ఏడాదికి రెండుసార్లు అది ఉన్ని ఇచ్చేది. పంట కోసిన చేలల్లో మంద పెట్టించుకున్న రైతు, ఆ ఎరువుకు బదులుగా కాపరికి ధాన్యం ఇచ్చేవాడు. గొర్రె పిల్లల్ని ఈనేది. మాంసం ఆ జాబితాలో ఒకటి మాత్రమే. ఉన్ని ధర పడిపోయి, కత్తిరింపు కూలి కూడా గిట్టక, తీసిన ఉన్నిని పారబోసే రోజులు వచ్చాక, రసాయన ఎరువుతో మందల అవసరం తగ్గాక, గొర్రె మీద మిగిలిన లెక్క ఎన్ని నెలలకు ఎన్ని కిలోలన్నదే. దక్కని గొర్రెల స్థానంలోకి ఉన్ని లేని, తొందరగా బరువెక్కే నెల్లూరు జాతి రావడం ఆ లెక్క ఫలితం. ఆ జాతిని ఎంచుకున్న కాపరి తప్పు చేశాడనను, అతనికి ఇంటి ఖర్చులున్నాయి. కానీ ఒక జీవి విలువ అంతా దాని చావులోకి చేరిపోవడం ధర్మదృష్టిలో నష్టమే, కిలోల లెక్కలో ఎంత లాభమైనా సరే. గొంగడి నేత బతికి ఉన్నచోట ఆ నష్టానికి ఒక అడ్డు ఉంటుంది.

హద్దును నిలబెట్టుకున్న వృత్తి ఎంతకాలం బతకగలదో, హద్దు దాటినప్పుడు ఏమవుతుందో చూపించే సాక్ష్యం జపాన్‌లో ఉంది. కొంగో గుమి అనే సంస్థ క్రీస్తు శకం 578లో ఒసాకాలోని షితెన్నోజి బౌద్ధాలయాన్ని కట్టడానికి కొరియా నుంచి వచ్చిన వడ్రంగులతో మొదలైంది. రాజవంశాలు మారాయి, యుద్ధాలు వచ్చాయి, ఆలయం చాలాసార్లు కాలిపోయింది. వాళ్ళు ఆలయాలు కడుతూనే ఉన్నారు. పద్నాలుగు వందల ఏళ్ళకు పైగా నడిచిన ఆ కుటుంబ వ్యాపారం 2006లో స్వతంత్రత కోల్పోయి తకమత్సు అనే నిర్మాణ సంస్థలో కలిసిపోయింది. జపాన్‌లో భూముల ధరలు ఉబ్బిన 1980లలో అప్పులు తెచ్చి స్థిరాస్తిలో పెట్టిన డబ్బు ఆ తర్వాత మెడకు చుట్టుకోవడం అందుకు పెద్ద కారణం. ఆలయాలకు వచ్చే విరాళాలు తగ్గడం మరో కారణం, దాన్నీ చెప్పాలి. అయినా పద్నాలుగు శతాబ్దాల పాటు చెక్కపనిని నమ్ముకున్నవాళ్ళు తమది కాని పెరుగుదల వెంట వెళ్ళిన ఆ కొద్దికాలంలోనే కూలడం గమనించదగ్గది. పాతపనిలో ఉండిపోవడం వల్ల వ్యాపారాలు చస్తాయని మనకు రోజూ చెబుతారు. పనిని వదిలి పెరుగుదలను పట్టుకోవడం వల్ల చచ్చేవి ఎన్నో ఎవరూ లెక్కకట్టరు.

ఇంతవరకూ చెప్పినదాని మీద అన్నిటికంటే బరువైన అభ్యంతరం కులం. తమ పనిలో తాము ఉండిపోవడం ధర్మమని చెప్పిన గొంతు ఈ దేశంలో కొత్తది కాదు. లోపం ఉన్నా తన ధర్మమే మేలు, పరధర్మం భయంకరం అన్న భావం భగవద్గీత మూడో అధ్యాయంలో ఉంది, పద్దెనిమిదో అధ్యాయంలో మళ్ళీ వస్తుంది. ఆ మాటను కులవృత్తికి కట్టిన తాడుగా వాడుకున్న చరిత్ర మనది. 1936లో లాహోర్ సభ కోసం రాసి, నిర్వాహకులు వెనక్కి తగ్గడంతో చదవలేకపోయిన ‘కుల నిర్మూలన’లో అంబేద్కర్ ఈ వాదాన్ని వేళ్ళతో సహా పెకలించాడు. కులం పనిని విభజించడంతో ఆగదు, పనిచేసే మనుషుల్నే మెట్లుమెట్లుగా విడగొడుతుంది, ఇష్టాన్ని, శక్తిని చూడకుండా పుట్టుకను బట్టి పని అంటగడుతుంది అన్నది ఆయన అభియోగం. దీనికి మెదక్‌లో జవాబు చెప్పకుండా తప్పుకోవడం ఎవరికీ సాధ్యం కాదు, ఎందుకంటే ఈ పట్టణం నెత్తిన 175 అడుగుల గోపురంతో చర్చి నిలబడి ఉంది. వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ 1914లో మొదలుపెట్టించి, కరువు రోజుల్లో పనికి బదులుగా తిండి ఇచ్చి కట్టించిన ఆ చర్చిని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. ఆ మిషన్‌లో చేరినవాళ్ళలో ఎక్కువమంది మాలలు, మాదిగలు. వాళ్ళకు తాతల నాటి పని నిలబెట్టుకోవలసిన వారసత్వం కాదు, తప్పించుకోవలసిన బంధనం. నిజాం పాలనలో వెట్టి కింద మాదిగలు చెప్పులు, తోలు బొక్కెనలు ఉచితంగా కుట్టివ్వాలి. గొల్ల కురుమలు కూడా దొర అడిగినప్పుడు మందలోంచి గొర్రెను ఉత్తినే ఇవ్వాలి. బడి చదువు, ఆసుపత్రి ఉద్యోగం, ఉపాధ్యాయ వృత్తి ఆ మాల మాదిగల పిల్లలకు తలుపు తెరిచినప్పుడు, పాత పనిని వదిలేయడమే వాళ్ళు చేసిన ధర్మకార్యం.

కాబట్టి పాతవృత్తిని పొగిడే ప్రతి వాదమూ ఈ పట్టణంలో ఆ గోపురం నీడలో నిలబడి మాట్లాడాలి. నేను నిలబడి చెప్పేది ఇది. వృత్తి హద్దు ధర్మం కావాలంటే దాన్ని మోసేవాడు దాన్ని దించుకోగలిగి ఉండాలి. బయటికి దారి లేని హద్దుకు పేరు జైలు. అలాగే లోపలికి దారి లేని హద్దు కూడా చెడ్డదే. పని మీద నిష్ఠ వేరు, పుట్టుక మీద నిష్ఠ వేరు. ఈ రెండింటినీ ఒకే ముడిగా వేసింది చరిత్రే తప్ప తర్కం కాదు. ముడి విప్పవచ్చని చెప్పడానికి ఈ దక్కను మీదే సాక్ష్యం ఉంది. పన్నెండో శతాబ్దంలో కల్యాణంలో బసవేశ్వరుడి చుట్టూ చేరిన శరణులు కాయకాన్ని, అంటే చెమటోడ్చి చేసే పనిని, శివపూజతో సమానం చేశారు. బట్టలుతికే మడివాలు మాచయ్యను పాల్కురికి సోమనాథుడు తెలుగు ‘బసవపురాణం’లో భక్తశిఖామణిగా నిలబెట్టాడు. అదే శరణులు పుట్టుక గోడలను కూలగొట్టే ప్రయత్నమూ చేశారు. చెప్పులు కుట్టే హరళయ్య ఇంటికీ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన మధువరసు ఇంటికీ మధ్య పెళ్ళి సంబంధం కలిపారనీ, అందుకు బిజ్జలుడి పాలనలో ఆ ఇద్దరూ ప్రాణాలు కోల్పోయారనీ వీరశైవ పరంపర చెబుతుంది. పనిని ఇంతగా పూజించినవాళ్ళే పుట్టుకను ఇంతగా ధిక్కరించారు. అందులో వైరుధ్యం లేదు, ఒకే విశ్వాసానికి అవి రెండు ముఖాలు. చేతిపనిలో దేవుడున్నాడని నిజంగా నమ్మేవాడు ఆ దేవుణ్ణి ఒక కులానికి కట్టేయలేడు. కొంగో గుమి కూడా రక్తం మీదే నడవలేదు. కొడుకులు సమర్థులు కానప్పుడు పనివచ్చిన అల్లుళ్ళను దత్తత తీసుకుని పగ్గాలు ఇచ్చారు. 1930లలో సంస్థ కష్టాల్లో ఉండగా ఇంటి పెద్ద ప్రాణం తీసుకుంటే, ఆయన భార్యే నాయకత్వం తీసుకుని నడిపించింది. పద్నాలుగు వందల ఏళ్ళు నిలిచింది వంశం కాదు, పని.

రెండో అభ్యంతరం పేదరికం. దూరం నుంచి మెచ్చుకునేవాడికి గొంగడి అందం, వడికే ముసలమ్మకు నడుం నొప్పి. ఇది నిజం. 2009–10 చేనేత గణనలో దేశంలో నేతగాళ్ళూ అనుబంధ పనివాళ్ళూ కలిసి 43 లక్షలకు పైగా ఉన్నారు. 2019–20 గణన నాటికి ఆ సంఖ్య 35 లక్షల చిల్లరకు తగ్గింది. ఆ రెండో గణనలోనే నేత కుటుంబాల్లో మూడింట రెండు వంతుల నెల ఆదాయం 5,000 రూపాయల లోపే అని తేలింది. ఈ అంకెల ముందు ‘హద్దు ధర్మం’ అన్న మాట పలకడానికి సిగ్గుపడాలి, ఆ హద్దును ఒక్కడే మోస్తున్నప్పుడు. నా ఉద్దేశంలో తప్పు జరుగుతున్నది సరిగ్గా ఇక్కడే. తులాధారుడి త్రాసుకు రెండు పళ్ళాలు ఉన్నాయి. అమ్మేవాడు ఇంతకు మించి చేయనని హద్దు ఒప్పుకుంటే, కొనేవాడు ఇంతకు తక్కువ ఇవ్వనని హద్దు ఒప్పుకోవాలి. వ్యాపార నీతిని మనం ఎప్పుడూ దుకాణదారుడి వైపు నుంచే చూస్తాం. కల్తీ చేశాడా, తూకంలో కొట్టాడా అని అడుగుతాం. కొనేవాడు బేరమాడి వారం రోజుల పనిని రోజు కూలి ధరకు దించడం కూడా తూకంలో కొట్టడమే. గొంగడిని గోడకు తగిలించుకుని మురిసిపోతూ, దాన్ని నేసినవాడి కొడుకు హైదరాబాద్‌లో కాపలా ఉద్యోగం వెతుక్కోవడాన్ని చూసి ‘సంప్రదాయం పోతోంది’ అని బాధపడటం కపటం. ఆ కొడుకు సంప్రదాయాన్ని వదలలేదు. సంప్రదాయాన్ని ఇష్టపడే మనం అతన్ని వదిలేశాం.

ప్రభుత్వానికి ఇందులో ఉన్న బాధ్యతను ఒక్క ఉదాహరణతో చెప్పవచ్చు. 2017లో తెలంగాణ ప్రభుత్వం గొల్ల కురుమలకు గొర్రెల పంపిణీ పథకం తెచ్చింది. ఒక యూనిట్ అంటే ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు. దాని విలువ అప్పట్లో 1.25 లక్షల రూపాయలు, అందులో 75 శాతం సబ్సిడీ. కాపరులను గుర్తించిన పథకమే, ఆ గుర్తింపు చిన్నది కాదు. కానీ బయటి ప్రాంతాల నుంచి కొని తెచ్చిన మందల్లో ఉన్ని లేని జాతులు చాలా ఉన్నాయి, పథకం లెక్కంతా మాంసం చుట్టూనే తిరిగింది. వృత్తికి సాయం చేయడమంటే ఆ వృత్తిలో ఏది దాని ప్రాణమో తెలుసుకోవడం. గొర్రెలను ఇచ్చి గొంగడిని మరచిపోతే, కాపరి మిగులుతాడు, మగ్గం మాత్రం ఆగిపోతుంది.

మరో అభ్యంతరాన్ని నేను గౌరవంతో తీసుకుంటాను, ఎందుకంటే అది తెలివైనది. మారని వృత్తి అంటూ ఏదీ లేదు, మీరు పాతది అంటున్నది కూడా ఒకప్పటి కొత్తదే అంటారు. అవును. మెదక్ కోటకు కాకతీయుల కాలం నాటి చరిత్ర ఉంది, దాని పక్కన పెడితే చర్చి నిన్నటిది. బ్రిటన్ నుంచి తెచ్చిన పలకలతో అది 1924లో ఈ నేలకు పూర్తిగా విదేశీ వింత, లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ గీసిన రంగుటద్దాల కిటికీలు ఆ తర్వాత వచ్చాయి. వందేళ్ళలో అదే పట్టణానికి గుర్తు అయింది, క్రిస్మస్‌కు తండోపతండాలుగా వచ్చే జనం మీద ఎన్నో చిన్న అంగళ్ళు బతుకుతున్నాయి. 2022లో అక్కన్నపేట నుంచి రైలు వచ్చింది, అదీ రేపు పాతదవుతుంది. కనుక ప్రాచీనత్వం దానికదే విలువ అన్న వాదన నాది కాదు. వృత్తి కొత్త పనిముట్టును తెచ్చుకోవచ్చు. ఉన్ని ఏకడానికి యంత్రం పెడితే గొంగడి అపవిత్రం కాదు. వడికే ఆడవాళ్ళ వేళ్ళకు కొంత సుఖం దొరికితే దేవుడికి కోపం రాదు. అడగవలసింది ఒక్కటే. ఈ మార్పు పనిలోని మంచిని కాపాడుతోందా, లేక పనిని మిష పెట్టుకుని మరొకదాన్ని అమ్ముతోందా? ఏకే యంత్రం మొదటిది. నల్లరంగు అద్దిన అక్రిలిక్ దారంతో నేసి గొంగడి పేరుతో అమ్మడం రెండోది. మొదటిదాన్ని కాదంటే మొండితనం, రెండోదాన్ని కాదనడం నిష్ఠ. పాత వృత్తిదారులు కొత్తదాన్ని చూసి భయపడతారని అనుకుంటాం గానీ, నిలబడినవాళ్ళను గమనిస్తే ఈ రెండింటి తేడా వాళ్ళ చేతులకు తెలుసు.

చివరికి అనిత్యత ఉంది. పుట్టినదంతా పోతుందన్న బౌద్ధ దర్శనం కృష్ణా తీరం నుంచి గోదావరి తీరం దాకా తెలుగు నేల మీద శతాబ్దాల పాటు వెలిగింది. ఆ దృష్టితో చూస్తే గొంగడి కూడా పోయేదే, దాన్ని పట్టుకుని వేలాడటం తృష్ణ. పోవడాన్ని నేను కాదనను. అయితే ఆకు రాలడం వేరు, కొమ్మను నరికేయడం వేరు. శిఖం భూములు ఆక్రమణలో పోయి, మేత తగ్గి, ఉన్నికి కొనేవాడు లేక, జాతిని మార్చమని సలహాలు వచ్చి, ఇన్నిటి వల్ల ఒక పని ఆగిపోతే దాన్ని కాలధర్మం అనకూడదు. అవన్నీ ఎవరో ఒకరు తీసుకున్న నిర్ణయాలు, కాబట్టి మరో విధంగా తీసుకోదగ్గ నిర్ణయాలు. అనిత్యతను నమ్మేవాడు తన చేతిలో ఉన్నదాన్ని మరింత శ్రద్ధగా చూసుకుంటాడు తప్ప, ఎలాగూ పోయేదేనని పారేయడు.

మెదక్‌లో ఆ శ్రద్ధ ఎలా ఉండాలో ఊహించడం కష్టం కాదు. దక్కని పొట్టేళ్ళను ఎంపిక చేసి జాతిని మెరుగుపరిచే పని మాంసంతో పాటు ఉన్నినీ లెక్కలోకి తీసుకుని సాగాలి. ఏడాదికి రెండుసార్లు కత్తిరింపు అయిన వెంటనే మంద దగ్గరే ఉన్నిని తూచి కొనే ఏర్పాటు ఉండాలి, తూకం అందరికీ ఒకేలా. గొంగడి ధరలో వడికిన ఆడమనిషి కూలి విడిగా కనబడాలి, ఇప్పుడది నేత ఖర్చులో కలిసి మాయమవుతోంది. కురుమ ఇంటి పిల్లవాడు నర్సింగో ఇంజనీరింగో చదువుతానంటే, కులం పనిని వదిలాడన్న నింద అతని మీద పడకూడదు. గుంట మగ్గం నేర్చుకుంటామని మాదిగవాడలోంచో ముస్లిం బస్తీలోంచో అమ్మాయిలు వస్తే, ముందు వాళ్ళకు కూర్చునే చోటు చూపించాలి, కులం పేరు అడగడానికి ముందే.